గండుపిల్లి శస్త్రచికిత్స: మారే ప్రవర్తన, మారని స్వభావం

వృషణాలను తొలగించడం వల్ల మగపిల్లి శరీరంలో ఆగిపోయేది ప్రధానంగా టెస్టోస్టిరాన్ అనే హార్మోను సరఫరా. ఆ హార్మోను ప్రోద్బలంతో సాగే పనులు ఆ తరువాత తగ్గుతాయి, అభ్యాసం వల్ల స్థిరపడినవి నెమ్మదిగా సడలుతాయి, భయం వల్లనో, విసుగు వల్లనో, అనారోగ్యం వల్లనో పుట్టినవి మాత్రం అలాగే ఉండిపోతాయి. శస్త్రచికిత్స తరువాత పెంపకందారులకు కలిగే తృప్తి గానీ నిరాశ గానీ చాలావరకు ఈ మూడింటి మధ్య తేడాను ముందుగా గ్రహించారా లేదా అన్నదానిపైనే ఆధారపడుతుంది. ఆపరేషన్ జరిగిన మరునాటి నుంచే పిల్లి గోడల మీద మూత్రం చిమ్మడం మానేస్తుందని ఎదురుచూసినవారు రెండు వారాల తరువాత కూడా వాసన పోకపోతే చేయించిన పని వృథా అయిందనుకుంటారు. వద్దనుకున్న పిల్లిని గోనెసంచిలో మూటగట్టి ఏటి అవతల వదిలిరావడం తెలుగు పల్లెలకు కొత్త విషయం కాదు కనుక, ఆ నిరాశకు మూల్యం చెల్లించేది చివరికి పిల్లే. అందుచేత ఏ ప్రవర్తన ఏ మూలం నుంచి వస్తున్నదో తెలుసుకోవడం ఇక్కడ కేవలం శాస్త్ర విషయం కాదు, ఒక ప్రాణికి ఇంట్లో చోటు నిలుస్తుందా లేదా అన్న విషయం.

టెస్టోస్టిరాన్ పిల్లి జీవితంలో రెండు వేర్వేరు దశల్లో రెండు వేర్వేరు పనులు చేస్తుంది. మొదటి దశ పుట్టుకకు అటూ ఇటూ ఉండే కాలం. అప్పుడు ఈ హార్మోను మెదడును మగ జంతువు మెదడుగా తీర్చిదిద్దుతుంది, ఆ తీరు తరువాత చెరిగిపోదు. రెండవది ఈడుకు వచ్చే దశ, అంటే సాధారణంగా 6 నుంచి 10 నెలల మధ్య వయసు. అప్పటివరకు దారపు ఉండతో ఆడుకున్న కూనకు దవడలు నిండి ముఖం వెడల్పవుతుంది, మెడ చర్మం దళసరి అవుతుంది, పురుషాంగం మీద ముళ్ల వంటి సన్నని బొడిపెలు లేస్తాయి, మూత్రానికి ఘాటైన వాసన వస్తుంది, రాత్రిళ్లు ఇల్లు పట్టకుండా పోతుంది. ఈ దశకు చేరిన మగపిల్లినే గండుపిల్లి అంటారు. శస్త్రచికిత్స ఆపగలిగేది ఈ రెండవ దశ ప్రభావాన్ని మాత్రమే. మొదటి దశలో మెదడులో ఏర్పడిన పునాది అలాగే ఉంటుంది గనుకనే, ఈడుకు రాకముందే ఆపరేషన్ అయిన మగపిల్లులలో కూడా కొన్ని పెద్దయ్యాక మగ లక్షణాలను ఎంతో కొంత చూపిస్తాయి.

గండుపిల్లి ప్రవర్తనలో మనుషులను ఇబ్బంది పెట్టేవి ముఖ్యంగా మూడు: మూత్రం చిమ్మడం, రోజుల తరబడి తిరుగుళ్లు, ఇతర మగపిల్లులతో పోట్లాట. మూడూ ఒకే అవసరానికి, అంటే ఎదకు వచ్చిన ఆడపిల్లిని చేరుకోవడానికి, పోటీదారులను దూరం పెట్టడానికి పనికివచ్చేవే. చలి దేశాలలో పిల్లులకు పగటి వెలుగు పెరిగే నెలలలోనే ఎద కాలం నడుస్తుంది, కానీ తెలుగునాట వంటి ఉష్ణ ప్రాంతాలలో ఋతువుల మధ్య పగటి నిడివి తేడా తక్కువ కాబట్టి ఆడపిల్లులు ఏడాదిలో ఏ నెలలోనైనా ఎదకు రాగలవు, ఆ కారణంగా గండుపిల్లికి విశ్రాంతి కాలమంటూ ఉండదు. అర్ధరాత్రి పసిబిడ్డ ఏడుపులా వినిపించి, అపశకునమని ఇంటిల్లిపాదినీ కలవరపెట్టే ఆ అరుపులు ఎద మీద ఉన్న ఆడపిల్లి పిలుపులో, దాని చుట్టూ చేరిన గండుపిల్లుల సవాళ్లో తప్ప మరేమీ కావు. మూత్రం చిమ్మడం కూడా మనుషులు అనుకున్నట్లు అల్లరి గానీ, యజమాని మీద కసి గానీ కాదు. ఇక్కడ ఎవరున్నారో, ఎప్పుడు వెళ్లారో ఇతర పిల్లులకు తెలియజేసే సందేశం అది. ఆ సందేశానికి వాసననిచ్చేది ఫెలినైన్ అనే అమైనో ఆమ్లం. 1950 దశకంలో పిల్లి మూత్రంలో కనుగొన్న ఈ పదార్థం విచ్ఛిన్నమైనప్పుడు గంధకం కలిసిన ఘాటు వాయువులు వెలువడతాయి. దాని తయారీకి తోడ్పడే కాక్సిన్ అనే ప్రోటీను గండుపిల్లుల మూత్రంలో విస్తారంగా ఉంటుందని, వృషణాలు తొలగించిన తరువాత బాగా తగ్గిపోతుందని జపాన్ శాస్త్రజ్ఞులు 2000 తరువాతి దశకంలో తేల్చారు. అంటే ఆపరేషన్ అయిన పిల్లి ఒకవేళ ఎప్పుడైనా చిమ్మినా, ఆ వాసన మునుపటంత భరించరానిదిగా ఉండదు.

శస్త్రచికిత్స వల్ల ఈ మూడూ ఎంతవరకు తగ్గుతాయన్న ప్రశ్నకు నేటికీ ఎక్కువగా ఉదహరించే సమాధానం 1973లో వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో పనిచేసిన బెంజమిన్ హార్ట్, ఆయన సహచరుడు బారెట్ ఈడు వచ్చిన తరువాత వృషణాలు తొలగించిన 42 పిల్లుల యజమానులను విచారించగా, పోట్లాటలు 88 శాతం పిల్లులలో, తిరుగుళ్లు 94 శాతంలో, మూత్రం చిమ్మడం 88 శాతంలో తగ్గినట్లు తేలింది. ఈ అంకెల కంటే విలువైనది వాటి వెనుక ఉన్న కాల భేదం. చిమ్మడం తగ్గిన పిల్లులలో అత్యధిక భాగం త్వరగానే మారాయి, కానీ పోట్లాట, తిరుగుళ్ల విషయంలో మొత్తం పిల్లులలో మూడవ వంతుకు పైగా నెమ్మదిగా, నెలల మీద మారాయి. ఆ పిల్లులన్నీ ఆపరేషన్ నాటికే పెద్దవి, ఆ అలవాట్లకు అలవడినవి. గండుపిల్లి ముదిరిన తరువాత ఆపరేషన్ చేయించినా లాభం ఉండదని చాలామందిలో ఉన్న నమ్మకం ఈ ఫలితాల ముందు నిలవదు.

అదే హార్ట్ మరో సహచరుడితో కలిసి 1984లో ప్రచురించిన అధ్యయనం దీనికి జోడుగా చదవవలసినది. ఈడుకు రాకముందే వృషణాలు తొలగించిన 134 మగపిల్లులను పరిశీలిస్తే, పెద్దయ్యాక వాటిలో సుమారు 10 శాతం తరచుగా మూత్రం చిమ్ముతున్నట్లు వెల్లడైంది. ముందే చేయించినా పదింట ఒకటి చిమ్ముతుంది, అలవాటయ్యాక చేయించినా దాదాపు అదే నిష్పత్తిలో చిమ్మడం మిగిలిపోతుంది. చిమ్మడం వరకు ఆలోచిస్తే, తొందరపడి చేయించినందుకు వచ్చే అదనపు రక్షణ గానీ, ఆలస్యమైనందుకు కోల్పోయే అవకాశం గానీ పెద్దగా లేవని ఈ రెండు అధ్యయనాలూ కలిసి చెబుతున్నాయి. ముందుగా చేయించడం వల్ల లాభం మరోచోట ఉంది: గాయాలతో, చీము గడ్డలతో, వీధి కుక్కలతో, వాహనాలతో నిండిన ఆ కొన్ని నెలల గండు జీవితం పిల్లికి తప్పిపోతుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రచురించిన, 1,660 పిల్లులను అనుసరించిన అధ్యయనంలో, అయిదున్నర నెలల లోపే ఆపరేషన్ అయిన మగపిల్లులలో చీము గడ్డలు, వైద్యుల పట్ల దూకుడు, పై రెండు అధ్యయనాలకు భిన్నంగా మూత్రం చిమ్మడం కూడా తక్కువగా కనిపించాయి, అయితే కొత్తవారిని చూసి బెదిరే గుణం కొంత ఎక్కువగా కనిపించింది. లాభాలతో పాటు ఈ చివరి మాటను కూడా పెంపకందారులకు చెప్పడం న్యాయం; ముందుగా ఆపరేషన్ చేయించే కూనను చిన్ననాటి నుంచే ఇంటికి వచ్చిపోయేవారి చేతులకు అలవాటు చేయడం అందువల్ల మంచిది.

సంభోగ ప్రవర్తనది మరో కథ. న్యూయార్క్‌లో పనిచేసిన జే రోసెన్‌బ్లాట్, లెస్టర్ ఆరన్‌సన్ 1958లో ప్రచురించిన ప్రయోగాలలో, ఆపరేషన్‌కు ముందు ఆడపిల్లితో జతకట్టిన అనుభవం ఉన్న మగపిల్లులు ఆపరేషన్ తరువాత కూడా చాలాకాలం పాటు ఎక్కే ప్రయత్నం చేశాయి, అనుభవం లేనివాటిలో ఆ కోరిక త్వరగా చల్లారింది. శస్త్రచికిత్స జరిగిన నెలల తరువాత కూడా పిల్లి దుప్పటినో, ఇంట్లోని మరో పిల్లినో మెడ దగ్గర కరచి పట్టుకుని ఎక్కబోతే, వైద్యుడు పని సరిగా చేయలేదని వెంటనే అనుమానించనక్కరలేదు. హార్మోను పోయినా నేర్చిన పని నాడీ వ్యవస్థలో మిగిలి ఉంటుంది, దానికి పోషణ లేక క్రమంగా బలహీనపడుతుంది. అలాంటప్పుడు కేకలు వేయకుండా, కొట్టకుండా, ఒక బొమ్మతోనో ఈకల కర్రతోనో దృష్టి మళ్లిస్తే చాలు.

కాలక్రమం తెలిసి ఉంటే ఇల్లంతా ఓపికగా ఉండగలుగుతుంది. రక్తంలో టెస్టోస్టిరాన్ మట్టం శస్త్రచికిత్స తరువాత ఒకటి రెండు రోజులలోనే దాదాపు అడుగంటుతుంది, కాని మెదడు, కండరాలు, మూత్ర వ్యవస్థ ఆ లేమికి అలవాటు పడటానికి వారాలు పడుతుంది. పురుషాంగం మీది బొడిపెలు కొన్ని వారాలలో అణగిపోతాయి. మరొక విషయం చాలా ఇళ్లలో గమనించరు: వృషణాలు పోయినా వీర్యవాహికలలో అప్పటికే నిలిచి ఉన్న వీర్యకణాలు కొన్నాళ్లు సజీవంగా ఉంటాయి, అందువల్ల కనీసం నెల, నెలన్నర పాటు ఈ పిల్లిని ఎదకు వచ్చే ఆడపిల్లుల దగ్గరకు పోనివ్వకూడదు. ప్రవర్తనలో మార్పు వచ్చిందా లేదా అన్న తీర్పును రెండు మూడు నెలలు గడిచేదాకా వాయిదా వేయడం ఉత్తమం.

ఇక మారనివి. వేట మారదు; ఎలుకను పట్టడం, బల్లి వెంట పడటం, పావురం మీద దూకడం టెస్టోస్టిరాన్ మీద ఆధారపడిన పనులు కావు. ఆట మారదు, గోళ్లతో గీరడం మారదు, యజమాని ఒడిలో ముడుచుకునే స్వభావం ఉంటే అది మారదు, లేకపోతే ఆపరేషన్ వల్ల రాదు. కోడెకు విత్తులు తీసి ఎద్దును చేసినప్పుడు పొగరు అణిగినా కాడి లాగే సత్తువ, మనిషి అలికిడిని గుర్తుపట్టే మమకారం పోవని రైతు ఇళ్లకు ఎప్పటి నుంచో తెలుసు, పిల్లి విషయంలోను అంతే. ఆపరేషన్ తరువాత పిల్లికి ప్రేమ పెరిగిందని కొందరు సంతోషిస్తారు. నిజానికి చాలాసార్లు పెరిగేది ఇంట్లో గడిపే సమయం, ఆ సమయం వల్ల బంధం బలపడుతుంది. పిల్లి మగతనం పోయి కుంగిపోతుందన్న జాలి మాత్రం మనుషులు తమ మనసును పిల్లికి అంటగట్టడం వల్ల వచ్చినది. పోయినదాన్ని గురించి పిల్లి బెంగపడుతుందనడానికి ఆధారం లేదు, తిండి, నిద్ర, ఆట యథాతథంగా సాగుతాయి.

దూకుడు విషయంలో ఇంకొంచెం జాగ్రత్తగా ఆలోచించాలి, ఎందుకంటే బయటికి ఒకేలా కనిపించే కాటు వెనుక కారణాలు చాలా ఉంటాయి. గండుపిల్లుల మధ్య పోట్లాట హార్మోను నుంచి వచ్చేది గనుక తగ్గుతుంది, ఇది చాలా పెద్ద మేలు, ఎందుకంటే లోతైన కాట్ల ద్వారానే పిల్లులలో రోగనిరోధక శక్తిని హరించే ఎఫ్‌ఐవి వైరస్ ఒకదాని నుంచి మరొకదానికి ప్రధానంగా వ్యాపిస్తుంది. 1986లో కాలిఫోర్నియాలో గుర్తించిన ఈ వైరస్ మనుషులకు సోకదు, కానీ దాన్ని పూర్తిగా నయం చేసే చికిత్సా లేదు. అయితే కొత్తవారిని చూసి భయపడి కరిచే పిల్లి, ఆటలో చేతిని ఎరగా భావించి కరిచే పిల్లి, కిటికీ బయట మరో పిల్లిని చూసి రెచ్చిపోయి పక్కనున్న మనిషి మీద ఆ కోపం తీర్చుకునే పిల్లి, నొప్పితో ముట్టనివ్వని పిల్లి ఆపరేషన్ వల్ల మారవు. వీటికి కావలసింది భయం పోగొట్టే ఓపిక, చేతికి బదులు బొమ్మ, కిటికీకి తెర, నొప్పికి వైద్యం. పిల్లికి రేబిస్ టీకా వేయించడం కూడా ఆపరేషన్‌తో తీరిపోయే బాధ్యత కాదు.

రెండు మూడు పిల్లులున్న ఇళ్లలో ఆపరేషన్ రోజునే ఒక వింత సమస్య తలెత్తుతుంది. ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చిన పిల్లి ఒంటి మీద మందుల వాసన, ఇతర జంతువుల వాసన ఉండటం వల్ల, నిన్నటిదాకా పక్కపక్కనే పడుకున్న తోడు పిల్లి దాన్ని పరాయిదనుకుని బుసకొడుతుంది, ఒక్కోసారి మీదపడుతుంది. మత్తు పూర్తిగా దిగని పిల్లి తప్పించుకోలేదు. దీనికి ఉపాయం సులభం: తిరిగి వచ్చిన పిల్లిని ఒక రోజు వేరే గదిలో ఉంచి, ఇంటి వాసన పట్టిన పాత గుడ్డను దాని పక్కన వేసి, రెండిటి పడక గుడ్డలనూ ఒకదానికొకటి మార్చి, తరువాత తలుపు సందు గుండా చూసుకోనిచ్చి, ఆపైన కలపాలి. ఈ ఒక్కరోజు ఓపిక చూపకపోతే ఆ వైరం వారాల తరబడి సాగవచ్చు.

ఆపరేషన్ తరువాత కూడా మూత్రపు మరకలు కనిపిస్తుంటే, ముందుగా తేల్చుకోవలసింది అది చిమ్మడమా లేక తప్పు చోట పోయడమా అన్నది. చిమ్మే పిల్లి నిలబడే ఉంటుంది, గోడకో కుర్చీ కాలుకో వెనుకభాగాన్ని తిప్పి, తోకను నిటారుగా ఎత్తి వణికిస్తూ, వెనుక కాళ్లతో తొక్కుతున్నట్లు కదులుతూ కొద్దిపాటి మూత్రాన్ని నిలువు తలం మీద వదులుతుంది. తప్పు చోట పోసే పిల్లి మామూలుగానే కూర్చుని, చాప మీదనో ఉతికిన బట్టల మీదనో ఎక్కువ మూత్రం పోస్తుంది. మొదటిది గుర్తు వేయడం. బయట గండుపిల్లి కనిపించడం, ఇంట్లోకి కొత్త పిల్లి రావడం, ఇల్లు మారడం దీనిని రెచ్చగొడతాయి. రెండవది సాధారణంగా ఇసుక తొట్టి మురికిగా ఉందనో, అది వాషింగ్ మెషీన్ పక్కన మోతలో ఉందనో, మూత్రాశయంలో మంట ఉందనో చెప్పే సూచన. ఇంట్లో ఎన్ని పిల్లులుంటే వాటికంటే ఒకటి ఎక్కువగా తొట్లు పెట్టడం, వాటిని వేర్వేరు మూలల్లో ఉంచడం, రోజూ శుభ్రం చేయడం ఈ రెండవ సమస్యను చాలావరకు తీరుస్తాయి. మొదటిది ఎంతకీ తగ్గకపోతే మరో అవకాశాన్ని పరీక్షించాలి. కొన్ని మగపిల్లులకు ఒక వృషణం సంచిలోకి దిగకుండా పొట్టలోనో గజ్జలోనో ఉండిపోతుంది, దిగినదాన్ని మాత్రమే తీసివేస్తే లోపల మిగిలినది హార్మోనును తయారు చేస్తూనే ఉంటుంది, పురుషాంగం మీది బొడిపెలు అణగకపోవడం దానికి ఆనవాలు. అదీ కాకపోతే, ఫ్లుయోక్సెటిన్ వంటి మందులు చిమ్మడాన్ని తగ్గిస్తాయని ప్రయోగాలలో రుజువైంది, వాటిని పశువైద్యుడి పర్యవేక్షణలో మాత్రమే వాడాలి.

శుభ్రం చేసే పద్ధతి మీద కూడా ఫలితం ఆధారపడుతుంది, తెలుగు ఇళ్లలో తెలియక జరిగే హాని ఎక్కువగా ఇక్కడే. మూత్రపు వాసన రాగానే ఫినాయిల్‌తో తుడవడం, పిల్లి ఆ మూలకు రాకుండా కలరా ఉండలు పెట్టడం అలవాటు. ఫీనాల్ జాతి రసాయనాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. పాదాలకు అంటినది నాకితే అది విషమే, కలరా ఉండలూ విషమే. ఎంజైములున్న బట్టల పొడిని గోరువెచ్చని నీటిలో కలిపి ఆ చోటును నానబెట్టి, మంచినీటితో కడిగి, బాగా ఆరనివ్వడం సురక్షితం. వాసన పూర్తిగా పోనంతకాలం పిల్లి ముక్కుకు ఆ గుర్తు తెలుస్తూనే ఉంటుంది, తిరిగి అక్కడే చిమ్ముతుంది. దాని మూతిని మరకకు రాసి కొట్టడం వల్ల పిల్లి నేర్చుకునేది మనిషిని చూసి భయపడటం ఒక్కటే, ఆ భయం మళ్లీ చిమ్మడానికే దారితీస్తుంది.

మగపిల్లి తొట్టిలో కూర్చుని ముక్కుతూ, అరుస్తూ, మూత్రం చుక్క కూడా రాకుండా పదేపదే వెళ్లివస్తుంటే అది ప్రవర్తన సమస్య కానే కాదు. మగపిల్లి మూత్రనాళం సన్నగా ఉండటం వల్ల అది మూసుకుపోయి ఒకటి రెండు రోజులలో ప్రాణం మీదికి రావచ్చు, కనుక తెల్లవారేదాకా కూడా ఆగకూడదు. చిన్న వయసులో ఆపరేషన్ చేయిస్తే ఈ నాళం ఎదగక మూసుకుపోతుందన్న వాదన ఒకప్పుడు బలంగా ఉండేది, 1990 దశకంలో నాళం వ్యాసాన్ని కొలిచి చూసినప్పుడు ఆపరేషన్ అయినవాటికీ కానివాటికీ తేడా కనబడలేదు. అసలు ముప్పు ఊబకాయం, కదలిక లేకపోవడం, నీళ్లు తక్కువ తాగడం.

ఊబకాయం సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే శస్త్రచికిత్స వల్ల నిజంగా వచ్చే ప్రధాన నష్టం ఇదే, నివారించగలిగినదీ ఇదే. ఆపరేషన్ అయిన పిల్లికి కావలసిన శక్తి సుమారు 20 నుంచి 30 శాతం తగ్గుతుంది, అదే సమయంలో ఆకలి మాత్రం కొద్ది రోజులలోనే పెరుగుతుంది. పాపం ఆపరేషన్ అయిందని పాలన్నం, పెరుగన్నం గిన్నె నిండా పెట్టే ఇళ్లలో కొన్ని నెలలు తిరిగేసరికి పొట్ట వేలాడే పిల్లి తయారవుతుంది, అప్పుడు తప్పు ఆపరేషన్ మీదికి పోతుంది. పిల్లి పూర్తిగా మాంసాహారి. దాని గుండెకు, కంటికి అవసరమైన టారిన్ అనే పదార్థం మాంసం, చేపలలోనే దొరుకుతుంది, అన్నంలో లేదు. పెద్దయిన పిల్లులలో చాలావాటికి పాలు అరగవు కూడా. ఉప్పు కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, చేప, లేదా పిల్లుల కోసమే తయారైన సమతులాహారం కొలిచి పెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి పడిన పులుసు ముక్కలు పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి గనుక వాటిని పెట్టకూడదు. ఇంట్లోని తూకం యంత్రం మీద పిల్లిని ఎత్తుకుని ఒకసారి, దించి ఒకసారి నిలబడితే నెలనెలా బరువు తెలుస్తుంది, పక్కటెముకల మీద వేళ్లు ఆనిస్తే అవి తేలిగ్గా తగలాలి. తిరుగుళ్లు మానిన పిల్లికి పూట పూటకూ పది నిమిషాల ఆట ఇంట్లోనే కల్పించాలి, లేకపోతే అది పడుకోవడమే పనిగా పెట్టుకుంటుంది.

శస్త్రచికిత్స పట్ల వెనుకాడేవారిలో కొందరు అది పాపమని భావిస్తారు, ఆ భావనలోని దయను తేలిగ్గా తీసిపారేయకూడదు. అయితే ఆ దయ గండుపిల్లి దగ్గరే ఆగిపోకూడదు. ఆడపిల్లి గర్భకాలం రెండు నెలలకు కొద్దిగా పైన, పాలిస్తూ ఉండగానే అది మళ్లీ చూలు కట్టగలదు, ఒకే ఈతలోని కూనలకు వేర్వేరు తండ్రులుండవచ్చు. చేపల మార్కెట్ల దగ్గర, బస్టాండ్లలో, కాలువ గట్ల మీద కళ్లు తెరవని కూనలను అట్టపెట్టెల్లో వదిలిపోవడం చూసిన వారెవరికైనా పాపం ఏ వైపున ఉందో నిర్ణయించుకోవడం కష్టం కాదు. ఇందులోనే మరో నిజం ఉంది: వీధిలోని గండుపిల్లులలో సగానికి ఆపరేషన్ చేసినా మిగిలిన సగం ఆడపిల్లులన్నిటినీ చేరుకోగలదు, కనుక మగపిల్లి ఆపరేషన్ ఆ పిల్లి బతుకును బాగుచేస్తుందే గాని వీధిలో పిల్లుల సంఖ్యను తగ్గించాలంటే ఆడపిల్లులకు కూడా చేయించక తప్పదు.

వయసు విషయంలో అయిదు నెలల లోపు చేయించడం మేలని అమెరికా పశువైద్య సంఘం 2017లో సమర్థించింది, ఈ వయసు గడిచిపోయినవారు విచారించనవసరం లేదు. మత్తుమందు ఇచ్చి, అర్హత ఉన్న పశువైద్యుడు చేసే ఈ శస్త్రచికిత్స చిన్నదే, సాధారణంగా పిల్లి అదే రోజు ఇంటికి వస్తుంది. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ వంటి చోట్ల పశువైద్య కళాశాలల ఆసుపత్రులలోను, నగరాల్లోని ప్రైవేటు ఆసుపత్రులలోను దీని గురించి విచారించవచ్చు. ముందు రోజు రాత్రి నుంచి తిండి ఎన్ని గంటలు ఆపాలో వైద్యుడినే అడగాలి, ఎందుకంటే చిన్న కూనలను ఎక్కువసేపు పస్తు ఉంచితే రక్తంలో చక్కెర పడిపోతుంది. సంచి మీది చిన్న గాట్లకు చాలాసార్లు కుట్లు వేయరు, అవి వాటంతటవే మానుతాయి. ఖాళీ అయిన సంచి కొన్నాళ్లు వాచి ఉండి వృషణాలు ఇంకా ఉన్నట్లే కనిపించడం సహజం. నాలుగైదు రోజులు తొట్టిలో ఇసుకకు బదులు చింపిన కాగితం వేయాలి, పది రోజులు స్నానం చేయించకూడదు, గాటును అదేపనిగా నాకుతుంటే మెడకు గరాటు వంటి పట్టీ తొడగాలి. నొప్పిగా ఉందనిపించి ఇంట్లోని పారాసిటమాల్ ముక్క వేయడం ఘోరమైన పొరపాటు, ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

ఇంటిది కాకపోయినా ప్రహరీ లోపల తిరుగుతూ, పెంపుడు పిల్లిని కొడుతూ, గుమ్మాల మీద చిమ్ముతూ ఉండే వీధి గండుపిల్లికి కూడా ఇదే చికిత్స పనికివస్తుంది, 1973 నాటి ఫలితాలు పెద్ద పిల్లులవేనని ఇక్కడ గుర్తుంచుకోవాలి. దానిని చేతులతో పట్టబోతే కాట్లు, రేబిస్ ముప్పు తప్పవు కనుక, ఎరపెట్టిన బోను వాడాలి, పట్టిన వెంటనే బోనును గుడ్డతో కప్పితే అది శాంతిస్తుంది. మత్తులో ఉండగానే రేబిస్ టీకా వేయించి, ఎడమ చెవి కొనను కొద్దిగా కత్తిరింపజేస్తే, ఆ పిల్లికి ఆపరేషన్ అయిందని దూరం నుంచే తెలిసి, మరెవరూ దానిని మళ్లీ పట్టి హింసించరు. మత్తు పూర్తిగా దిగేదాకా ఒక రాత్రి బోనులోనే ఉంచి, మరునాడు పట్టిన చోటే వదలాలి. దూరంగా వదిలితే అది పాత చోటును వెతుక్కుంటూ రోడ్డు దాటబోయి చనిపోవచ్చు, దాటగలిగినా దాని ఖాళీ చోటులోకి ఆపరేషన్ కాని మరో గండుపిల్లి వచ్చి చేరుతుంది.